మతి తప్పుతున్న పెద్దలకు ఇంటి నుంచే వైద్యం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం ఒకే విషయానికి ఇచ్చేస్తున్నాను. ఆదోని నుంచి, ప్రొద్దుటూరు నుంచి, గుంతకల్లు నుంచి, చివరికి కువైట్ నుంచి కూడా వచ్చిన ఉత్తరాల్లో అందరూ అడిగింది దాదాపు ఒకటే: ఇంట్లో పెద్దవాళ్ళకు మతిమరుపు ముదిరింది, పెద్దాసుపత్రి దూరం, మనిషి బండెక్కదు, ఫోనులో వైద్యం కుదురుతుందా అని. చాలావరకు కుదురుతుంది. ఎక్కడ కుదురుతుందో ఎక్కడ కుదరదో తెలియాలి, ఇంట్లో పక్కన ఉండే ఒక్క మనిషి డాక్టరుకు కళ్ళుగా మారాలి. రాసినవాళ్ళ పేర్లు తీసేశాను, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా అత్తకు 71 ఏళ్ళు. రెండేళ్ళుగా మతిమరుపు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న అరగంటకే "నా కోడలు నాకు కూడు పెట్టలేదు" అని వీధిలో చెప్తుంది. ఇప్పుడు తన బంగారు గొలుసు నేనే తీసుకున్నానని అంటోంది. వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది, అయినా నమ్మదు. మా ఆయనేమో వయసు చాదస్తం, పట్టించుకోవద్దు అంటారు. కర్నూలుకు పిలుచుకుపోదామంటే బస్సెక్కదు, ఏడుస్తుంది. ఫోనులో డాక్టరుకు చూపిస్తే చాలదా?
— ఒక కోడలు, ఆదోని

జవాబు: ఇది చాదస్తం కాదమ్మా. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి. పెళ్ళికి పోయొచ్చాక అక్కడ కలిసినవాళ్ళ పేరు నోటికి రాక, సాయంత్రానికి గుర్తొస్తే అది వయసు. అసలు పెళ్ళికే పోలేదని వాదిస్తే అది జబ్బు లక్షణం. రోజువారీ పనులు, అంటే వంట, డబ్బు లెక్క, తెలిసిన దారి, ఇవి చెడిపోతున్నాయంటే డిమెన్షియాగా, అంటే మతి చెడే జబ్బుగా అనుమానించాల్సిందే. ఇందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. ఆ తర్వాత మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే రకం, బీపీ, షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేనివాళ్ళలో ఇది మన దగ్గర బాగా కనిపిస్తుంది. అల్జీమర్స్‌లో కొత్త సంగతులను దాచిపెట్టే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది, అందుకే మీ అత్తకు తన పెళ్ళినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు గుర్తుంటాయి, మధ్యాహ్నం తిన్న అన్నం గుర్తుండదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె వరకు ఆమె నిజంగానే తినలేదు.

గొలుసు సంగతీ అంతే. దొంగల భయంతో ఆమే దాచింది, దాచిన సంగతి మనసులో నిలవలేదు, గొలుసు లేదన్నది మాత్రం కళ్ళ ముందు ఉంది. అప్పుడు ఎవరో తీశారనే అనిపిస్తుంది, ఆ ఎవరో ఎప్పుడూ పక్కన ఉండి సేవ చేసే మనిషే అవుతుంది. నాకు ఉత్తరం రాసే ప్రతి కోడలూ, ప్రతి కూతురూ ఈ దొంగతనం మాట పడినవాళ్ళే. మీరు తియ్యలేదని రుజువు చేయబోకండి, బియ్యం డబ్బా చూపించి నిలదీయబోకండి. "గొలుసు కనపడలేదా అత్తా, దా, ఇద్దరం వెతుకుదాం" అని లేచి పక్కన నిలబడండి. అసలు బంగారం తీసి లాకర్లో పెట్టి, అలాంటిదే గిల్టు గొలుసు ఒకటి మెడలో వేయండి. అన్నం విషయంలో తిన్నావు కదా అని వాదించే బదులు మధ్యాహ్నం పెట్టేదాంట్లోంచే కొంచెం తీసి ఉంచి అడిగినప్పుడు రెండు ముద్దలు పెట్టడం సులువు. వీధిలోవాళ్ళకు జబ్బు పేరు మీరే ముందుగా చెప్పేయండి. దాచినకొద్దీ నింద మీ మీదే పడుతుంది.

ఇక ఫోను సంగతి. డిమెన్షియాలా కనిపించి డిమెన్షియా కానివి కొన్ని ఉన్నాయి, వాటిని ఫోనులో ఎంత గొప్ప డాక్టరైనా పట్టలేడు. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, రక్తంలో సోడియం పడిపోయినా మనిషి ఇలాగే అయిపోవచ్చు, ఇవి వైద్యంతో చాలావరకు బాగుపడతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా మింగేవాళ్ళలో బి12 తగ్గుతుంది, కొన్ని బీపీ మాత్రలతో సోడియం తగ్గుతుంది, కాబట్టి మీ అత్త మాత్రల చీటీలన్నీ ఒకసారి ముందేసుకోండి. ఈ రక్త పరీక్షలకు కర్నూలు పోనక్కర్లేదు, ఇంటికే వచ్చి రక్తం తీసుకునే ల్యాబ్ ఆదోనిలోనే ఉందేమో అడగండి. ఒక్క స్కానుకు మాత్రం మనిషిని కదిలించాలి. పెద్దవాళ్ళు ఎప్పుడో జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలితే, మెదడు పైన రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత మతి తప్పినట్టు చేస్తుంది, అది ఆపరేషన్‌తో బాగయ్యేది, స్కాను తీయకపోతే తెలియదు. పొద్దున ఆమె హుషారుగా ఉండే వేళ, ఆమె బాగా నమ్మే మనిషితో, కారులో, బీపీ చూపించుకొద్దాం అని పిలుచుకుపోండి. తలకు పరీక్ష అని చెప్తే ఎవరైనా భయపడతారు.

ఆ కాగితాలు చేతికొచ్చాక మిగతాది వీడియోలో చేయవచ్చు. ఫోనులో డాక్టరును కలిపే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉచితం. పల్లెల్లోవాళ్ళు తమ ఊరి హెల్త్ క్లినిక్‌కు పోతే అక్కడి సిబ్బందే కంప్యూటరులో డాక్టరును కలుపుతారు. అందులో ముందు మామూలు డాక్టరు దొరికినా పర్లేదు, ఎక్కడికి పంపాలో ఆయన చెప్తారు. న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) గానీ సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు) గానీ దొరికితే ఇంకా మంచిది. సైకియాట్రిస్టు అనగానే "మా అత్తకేం పిచ్చా" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఈ జబ్బు చూసే డాక్టర్లలో వాళ్ళూ ఉన్నారు, అంతే.

వీడియో కాల్ ముందు రోజు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మొదట ఏది గమనించారు, ఎప్పుడు, మెల్లగా పెరిగిందా, ఒక్కోసారి మెట్టు దిగినట్టు ఉన్నట్టుండి పడిపోయిందా, నడక మారిందా, లేని మనుషులు కనిపిస్తున్నారంటుందా, నిద్ర, ఉచ్చ, తిండి ఎలా ఉన్నాయి. డాక్టరుతో ముందుగా మీరు విడిగా, ఆమె వినకుండా మాట్లాడండి, ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే డాక్టరు ముఖం కనపడగానే పెద్దవాళ్ళు చక్కగా సర్దుకుని "నాకేం నాయనా, బాగుండా" అని పది నిమిషాలు ఎంత బాగా మాట్లాడతారంటే, చూసినవాళ్ళు కోడలే ఏదో కల్పిస్తోందనుకుంటారు. వెలుతురు ఆమె ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, టీవీ ఆపండి, చెవి మిషన్, కళ్ళద్దాలు పెట్టండి, ప్రశ్నలు అడుగుతుంటే పక్కనుంచి జవాబు అందించకండి. జ్ఞాపక పరీక్షలు తెలుగులో ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు తయారుచేసినవాటిలో తెలుగు ఒకటి, కాబట్టి ఇంగ్లీషు రాదని కంగారు వద్దు. ఆమె నడిచేది, కుర్చీలోంచి లేచేది ముందే ఫోనులో తీసి పంపితే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది.

ప్రశ్న: నేను కువైట్‌లో ఇంటిపని చేస్తున్నా. అమ్మ కడప దగ్గర మా పల్లెలో తమ్ముడి దగ్గర ఉంటుంది. డిమెన్షియా అని డాక్టరు చెప్పినారు. రెండేళ్ళకు ఒకసారి వస్తాను. వీడియో కాల్ చేస్తే నన్ను ఒక్కోసారి చిన్నమ్మ అంటుంది. ఇంత దూరం నుంచి నేను చేయగలిగేది డబ్బు పంపడమేనా? డాక్టరుతో నేను మాట్లాడొచ్చా?
— ఒక కూతురు, కువైట్

జవాబు: మాట్లాడొచ్చు తల్లీ. 2020 మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి. పేషెంటు తన సంగతి తాను చెప్పుకోలేని స్థితిలో ఉంటే చూసుకునేవాళ్ళే ఆమె తరఫున డాక్టరుతో మాట్లాడవచ్చని అందులో ఉంది, దానికి ఉదాహరణగా డిమెన్షియా పేరే రాశారు. మీ విషయంలో మంచి పద్ధతి ముగ్గురి కాల్. అమ్మ పక్కన తమ్ముడో మరదలో, ఇటు డాక్టరు, అటు మీరు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి మీ సెలవు రోజున అమ్మకు పొద్దున పది గంటల ప్రాంతంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే మీకు ఏడున్నర అవుతుంది, అమ్మ కూడా ఆ వేళ తేటగా ఉంటుంది. సాయంత్రం పెట్టుకోకండి. ఈ జబ్బులో పొద్దు వాలేసరికి మనిషి అయోమయంలో పడుతుంది.

దూరాన ఉన్నవాళ్ళే బాగా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కాగితాల పని మీది. చీటీలు, రిపోర్టులు, స్కాను, మాత్రల ఫొటోలు, అన్నీ తేదీల వరసలో మీ ఫోనులో ఉంచండి, రాత్రిపూట అమ్మను కడపకు తీసుకుపోవాల్సి వస్తే తమ్ముడు అల్మారా వెతకాల్సిన పని లేకుండా మీరు ఒక్క నిమిషంలో పంపగలగాలి. అపాయింట్‌మెంట్లు పెట్టడం, మందులు అయిపోకముందే గుర్తుచేయడం, ఇవీ మీవే. మాత్రలు వారానికి సరిపడా అరల డబ్బాలో ఆదివారం సర్దమనండి, ఖాళీ అర చూస్తే వేసుకుందో లేదో తెలిసిపోతుంది.

డబ్బు మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ఇది నా సొంత అభిప్రాయం. అమ్మ కోసం పంపే డబ్బులో కొంత మీ మరదలి పేరున, ఆమె ఖాతాకే పంపండి. స్నానం చేయించేది, గుడ్డలు మార్చేది, రాత్రి నాలుగుసార్లు లేచేది ఆ పిల్లే. తమ్ముడు మంచివాడే కావచ్చు, కానీ పని ఎవరిదో గౌరవం వాళ్ళకే దక్కాలి. ఫోను చేసినప్పుడు ముందు "అమ్మ ఎట్లుంది" అనకుండా "నువ్వెట్లున్నావు" అని మరదలిని అడగండి. ఇంట్లో కెమెరా పెట్టిస్తానని కొందరు రాస్తారు. మరదలికి చెప్పకుండా పెట్టిస్తే ఆ ఇంట్లో నమ్మకం చచ్చిపోతుంది. ఆమె ఒప్పుకుంటే వీధి తలుపు వైపు ఒకటి చాలు.

అమ్మ మిమ్మల్ని చిన్నమ్మ అంటే చిన్నమ్మగానే పలకండి. "నేనెవరో చెప్పు, చెప్పుమా" అని పరీక్ష పెట్టకండి, తప్పు చెప్పానని తెలిసిన క్షణంలో ఆమె ముఖం మాడిపోవడం మీరే చూస్తారు. పేరు పోయినా ఈ గొంతు నా మనిషిది అన్న ఎరుక చాలాకాలం ఉంటుంది. రోజూ ఒకే వేళకు చేయండి, పాత సంగతులు మాట్లాడండి, చెనిక్కాయలు కోసే రోజుల ముచ్చట్లో, ఆమె పాడే తిరునాళ్ళ పాటో. అయిదు నిమిషాలైనా చాలు.

ప్రశ్న: మా నాయనకు మతిమరుపుకని డోనెపెజిల్ మాత్ర రాసినారు. మూడు నెలలైంది, జ్ఞాపకం ఏం తిరిగి రాలేదు. ఆపేద్దామా?
— తాడిపత్రి

జవాబు: మీరే ఆపొద్దు. ఈ మాత్ర పోయిన జ్ఞాపకాన్ని తెచ్చిపెట్టేది కాదు, దిగజారే బండికి బ్రేకు లాంటిది, అదీ కొందరిలో కొంతకాలమే పనిచేస్తుంది. మూడు నెలల కిందట ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉంటే మందు పనిచేస్తున్నట్టే లెక్క. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్ల ఎంతోమంది మధ్యలో మానేస్తారు, నాకు బాధ కలిగించే సంగతి ఇది. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం ఉంటే, ముఖ్యంగా కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి, ఈ మందుతో గుండె కొట్టుకునే వేగం తగ్గే అవకాశం ఉంది, నాడి చూసి ఈసీజీ తీయిస్తారు. కడుపుకు పడనివాళ్ళకు చర్మం మీద అంటించే రివాస్టిగ్మిన్ పట్టీ ఉంది, జబ్బు ముదిరితే మెమాంటిన్ అనే మరో మందు చేరుస్తారు. అమెరికాలో 2023లో లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు పూర్తి అనుమతి వచ్చింది, దాని గురించి వాట్సాప్‌లో చూసి అడుగుతున్నవాళ్ళున్నారు. అది అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవాళ్ళకే, మెదడులో వాపు, రక్తస్రావం రాకుండా మాటిమాటికీ ఎంఆర్ఐ తీస్తూ ఇవ్వాల్సింది. ఇంట్లో కూర్చుని వేయించుకునేది కాదు.

ప్రశ్న: మా ఆయనకు 74. పగలంతా బాగుంటాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు "ఇంటికి పోవాల, నా చెప్పులేవి" అని మొదలుపెడతాడు. మా సొంత ఇంట్లోనే ఉన్నాం. రాత్రి నిద్రపోడు, రెండుసార్లు తలుపు తీసుకుని వెళ్ళిపోయినాడు. మెడికల్ షాపు అబ్బాయి నిద్రమాత్ర ఇచ్చాడు, అది వేస్తే తెల్లారి ఇంకా తిక్కతిక్కగా ఉంటున్నాడు.
— ఒక భార్య, ప్రొద్దుటూరు

జవాబు: ఆ మాత్ర ఇంకెప్పుడూ వేయకండమ్మా. నిద్రమాత్రలు, జలుబుకూ దురదకూ ఇచ్చే మత్తు మాత్రలు ఈ జబ్బు ఉన్నవాళ్ళ మతిని ఇంకా చెదరగొడతాయి, పైగా తూలిపడి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్ళీ లేవడం కష్టం. కొన్ని మత్తు మందులను ఫోనులో రాయడానికి డాక్టర్లకే నిబంధనలు ఒప్పుకోవు, షాపులో చేత్తో తీసి ఇచ్చేస్తే ఎలా? కోపం, గోల తగ్గించడానికి ఇచ్చే సైకోసిస్ మందులు వేరే ఉన్నాయి. డిమెన్షియా ఉన్న ముసలివాళ్ళలో వాటివల్ల ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. తప్పనిసరి అయినప్పుడు డాక్టరు తక్కువ మోతాదులో, తక్కువ రోజులకు ఇస్తారు. మీ ఆయనకు లేని పిల్లలో మనుషులో కనిపిస్తున్నా, చేతులు కాళ్ళు బిగుసుకున్నా ఆ సంగతి డాక్టరుకు మొట్టమొదట చెప్పండి. లూయీ బాడీ అనే రకం ఒకటి ఉంది, అందులో ఆ మందులు కొన్ని అసలు పడవు.

"ఇంటికి పోవాల" అన్నప్పుడు ఇదే మన ఇల్లు అని వాదిస్తే చెప్పుల కోసం వెతుకులాట ఇంకా పెరుగుతుంది. ఆయన అడిగేది గోడలను కాదు, భయం లేకుండా ఉన్న ఏదో పాత చోటును. "పోదాంలే, మజ్జిగ తాగి పోదాం" అనండి, వాకిలి దాటి వీధి చివరి వరకు చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకురండి, చాలాసార్లు తిరిగొచ్చేసరికి ఆ మాట పోతుంది. పొద్దు గూకక ముందే లైట్లన్నీ వేయండి, నీడలు చూసి భయపడతారు. మధ్యాహ్నం నిద్ర అరగంటకు మించకుండా, నాలుగు దాటాక టీ, కాఫీ లేకుండా చూడండి. పొద్దున ఎండలో కాసేపు నడిపించండి. మలబద్ధకం ఉందా, ఉచ్చకు మంటా, మోకాళ్ళ నొప్పా చూడండి, నోటితో చెప్పలేని నొప్పి రాత్రి తిరుగుడుగా బయటపడుతుంది.

తలుపు సంగతికి వస్తే, గడియ ఆయన చూపు పడనంత పైన గానీ కింద గానీ పెట్టించండి, తీస్తే మోగే చిన్న గంట కట్టండి. మీరు ఇంట్లో లేకుండా ఆయనను లోపల వేసి తాళం వేయడం మాత్రం ప్రమాదం. చొక్కా జేబులో పేరు, మీ ఫోను నంబరు రాసిన చీటీ కుట్టేయండి. వీధి చివర టీ కొట్టు, ఆటో స్టాండు, ఇస్త్రీ అంగడి, వీళ్ళందరికీ ఆయన ఫొటో చూపించి చెప్పి ఉంచండి. మళ్ళీ వెళ్ళిపోతే, తిరిగొస్తాడులే అని కూర్చోకుండా 112కు ఫోను చేయండి, ముందుగా బావులు, కాలువ గట్లు వెతికించండి, తర్వాతే బస్టాండు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా, దీన్ని ఫోనులో తేల్చుకోవద్దు. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే, మత్తుగా పడి ఉంటే, జ్వరం ఉంటే, ఫిట్స్ వస్తే, పడి తలకు తగిలితే, అది జబ్బు ముదరడం కాదు. ఉచ్చలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, మరొకటో. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, 108కు చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అందులో దారికీ స్కానుకూ పోయేదే ఎక్కువ.

ప్రశ్న: నాన్న రిటైర్డ్ టీచర్. సంతకం మారిపోతోంది, బ్యాంకులో ఒప్పుకోవడం లేదు. ఆయన తరఫున మేం వ్యవహరించేలా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలంటున్నారు. నిజమేనా?
— కర్నూలు

జవాబు: దాని మీద ఆధారపడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి చెడితే ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది, సరిగ్గా మీకు అవసరమైన రోజున అది పనికిరాదు. నాన్నకు ఇంకా తెలివి ఉన్న రోజుల్లోనే, ఆయన ఇష్టప్రకారం, ఖాతాను మీ అమ్మతో జాయింటుగా ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్పించండి, నామినీలు చూడండి, వీలునామా రాయాలనుకుంటే ఆయన మానసికంగా బాగున్నాడని డాక్టరు సర్టిఫికెట్ పక్కన పెట్టి రాయించండి. తెలివి పూర్తిగా పోయాక ఆస్తి వ్యవహారాలకు సంరక్షకుడిని వేయించుకోవాలంటే హైకోర్టు దాకా పోవాల్సి రావచ్చు. పెన్షన్ కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు మాత్రం ఆయనను క్యూలో నిలబెట్టకండి, దాన్నే జీవన్ ప్రమాణ్ పేరుతో ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వవచ్చు. 70 దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే సేవలు అందించాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది, మేనేజరుకు అర్జీ రాసివ్వండి.

ప్రశ్న: మా జేజికి ఈ జబ్బు వచ్చింది, ఇప్పుడు మా అమ్మకు. నాకు 46. నాకూ వస్తుందా? దీని గురించే ఎప్పుడూ టెన్షన్.
— గుంతకల్లు

జవాబు: మీ జేజికీ అమ్మకూ 65 దాటాకే మొదలై ఉంటే, మీకు అవకాశం కొంచెం ఎక్కువ, అంతే, రాసిపెట్టినట్టు కాదు. తరతరానికీ నేరుగా వచ్చే రకం చాలా అరుదు, అది సాధారణంగా చిన్న వయసులోనే మొదలవుతుంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్కకట్టింది, మార్చుకోగల 14 కారణాలను జీవితమంతా చూసుకుంటే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని. బీపీ, షుగరు, కొవ్వు, పొగ, సారాయి, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఇవన్నీ అందులో ఉన్నవే. 46లో బీపీ చూపించుకోవడం టెన్షన్ పడటం కంటే ఎక్కువ పని చేస్తుంది. అమ్మకు కంటి పొర ఉంటే ఆపరేషన్, చెవికి మిషన్ ఈ నెలలోనే చూడండి, అది ఆమెకూ మేలే.

మన ప్రాంతం వాళ్ళకు నచ్చే సంగతి ఒకటి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో, ఒకే భాష మాట్లాడేవాళ్ళకంటే నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది, చదువురానివాళ్ళలో కూడా. గుంతకల్లులో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్ళు ఎంతమందో! వదిలిపెట్టకండి ఆ అలవాటు.

ప్రశ్న: అమ్మను ఏడేళ్ళుగా నేనే చూస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. అన్నలిద్దరూ బెంగుళూరులో. ఇప్పుడు పడకలోనే అన్నీ. పోయిన వారం స్నానం దగ్గర చెయ్యి విదిలిస్తే కోపంలో అమ్మను కొట్టినాను. తర్వాత రాత్రంతా ఏడ్చినాను. నేనే పోతే బాగుండు అనిపిస్తోంది. ఆయాను పెట్టుకుంటే ఊళ్ళో ఏమంటారో అని అన్నలు వద్దంటున్నారు.
— అనంతపురం

జవాబు: ఈ ఉత్తరానికి ముందు జవాబు ఇవ్వాలనిపించింది, చివరన ఎక్కువ చోటు దొరుకుతుందని ఆపాను.

పోతే బాగుండు అనే మాటను నేను మామూలు మాటగా తీసుకోవడం లేదమ్మా. ఈ పత్రిక పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పేషెంటు కోసమే కాదు, చూసుకునే మనిషి కోసం కూడా. నాకు రాసింది రాసినట్టే వాళ్ళకు చెప్పండి, కొట్టిన సంగతితో సహా. చచ్చిపోవాలన్న ఆలోచన ఈ క్షణంలో గట్టిగా ఉంటే పక్కింటివాళ్ళను పిలిచి మీ దగ్గర కూర్చోమనండి, ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఉంటే వాళ్ళ చేతికిచ్చేయండి.

ఏడేళ్ళు ఒంటిచేత్తో ఈ చాకిరీ చేసిన మనిషి తెగిపోయే దశకు రావడం చెడ్డతనం కాదు. అయినా అమ్మకు మళ్ళీ దెబ్బ తగలకూడదు, అందుకే స్నానం పద్ధతి ఇవాళే మార్చండి. రోజూ తలస్నానం అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు, మిగతా రోజులు గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో పడక మీదే, ఒంటిమీద దుప్పటి కప్పి కొంచెం కొంచెంగా తుడవండి. చన్నీళ్ళు, ఉన్నట్టుండి గుడ్డ లాగేయడం, వెనక నుంచి పట్టుకోవడం, వీటికే వాళ్ళు చెయ్యి విసురుతారు. విసిరిందంటే ఆపేసి గదిలోంచి బయటికి రండి. ఆ పూట స్నానం లేకపోతే ఏమీ కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపు మీద, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందా చూడడం మాత్రం తప్పకూడదు, పుండు పడితే ఫోటో తీసి డాక్టరుకు అదే రోజు పంపండి. కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన సంగటో అన్నమో చిన్న ముద్దలుగా పెట్టండి, పడుకోబెట్టి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆయాను పెట్టుకోండి. ఊళ్ళో అనేవాళ్ళు రాత్రి ఒంటిగంటకు దుప్పటి మార్చడానికి రారు. అన్నలకు ఫోనులో విడివిడిగా కాకుండా ఇద్దరినీ ఒకే కాల్‌లో పెట్టి, వీలైతే అమ్మ డాక్టరును కూడా కలిపి మాట్లాడండి. మీరు చెప్తే ఫిర్యాదు అనుకునేది డాక్టరు చెప్తే వింటారు. ఏం అడగాలో స్పష్టంగా అడగండి: ఆయా జీతం ఇద్దరూ కలిసి, నెలకు ఒక వారం ఎవరో ఒకరు వచ్చి ఉండాలి, ఆ వారం మీరు ఇల్లు వదిలి వెళ్తారు. సర్దుకుందాంలే అంటే ఒప్పుకోకండి, తేదీ చెప్పించుకోండి. మాట వినకపోతే 14567, పెద్దవాళ్ళ కోసం ఉన్న ఎల్డర్‌లైన్, కన్నవాళ్ళ పోషణ గురించిన 2007 చట్టం కింద ఏం చేయవచ్చో వాళ్ళు చెప్తారు. పిల్లలందరి మీదా ఉన్న బాధ్యత అది, ఒక్క కూతురి మీద కాదు.

ఆయా కుదిరిన మొదటి వారం ఆమెతోనే ఉండి అమ్మ అలవాట్లు చెప్పండి, ఏ పక్కకు పడుకుంటుందో, ఏ పాటకు శాంతిస్తుందో. రెండో వారం మధ్యాహ్నాలు మీవి. మీ బీపీ కూడా చూపించుకోండి, అనంతపురం పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో మీ పేరున చీటీ రాయించుకోండి, అమ్మ పేరున కాదు. ఏమైందో నాకు మళ్ళీ రాయండి, ఈసారి ఫోను నంబరు వేసి.